పడావు నేల, పారే నీరు: హిమాయత్‌సాగర్ ప్రవాహ నమూనాల్లో భూవినియోగ పదజాలం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పరీవాహక ప్రాంతంలో భూవినియోగం మారినప్పుడు దిగువ జలాశయానికి చేరే నీరు ఎంత మారుతుందో గణిత నమూనాలు అంచనా వేస్తాయి. ఈ అధ్యయనాలను జలశాస్త్ర దృష్టితో పరిశీలించినవారు అనేకులు. వాటిలోని పదజాలాన్ని భాషా దృష్టితో పరిశీలించిన సందర్భాలు తక్కువ. ఈసీ నదిపై ఉన్న హిమాయత్‌సాగర్‌ను ఉదాహరణగా తీసుకుని, నేలకు వర్గం పేరు పెట్టే దశలోనే నమూనా ఫలితం చాలావరకు నిర్ణయమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పడావు, శిఖం, చెలక, తరి, మత్తడి వంటి తెలంగాణ వ్యవసాయ పదాలు నీటి నడకను గురించి చెప్పే సమాచారం నమూనా వర్గాల్లోకి చేరకపోవడాన్ని, దానివల్ల కారణనిర్ణయంలో ఏర్పడే లోపాన్ని విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: భూవినియోగం, పరీవాహక ప్రాంతం, హిమాయత్‌సాగర్, ఈసీ నది, స్వాట్ నమూనా, పడావు, శిఖం, గొలుసుకట్టు చెరువులు, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:

శాస్త్రగ్రంథం కూడా భాషతో నిర్మితమైనదే. అందులోని సమీకరణాలు విశ్వజనీనమైనవి కావచ్చు. కానీ ఆ సమీకరణాల్లోకి ప్రవేశించే విలువలకు ఆధారమైన పేర్లు ఒక దేశంలో, ఒక వ్యవసాయ పద్ధతిలో పుట్టినవి. ఆ పేర్లు మరొక ప్రాంతపు నేలకు అన్వయమైనప్పుడు జరిగేది ఒక రకమైన అనువాదం. అనువాదం ఎక్కడ జరిగినా దాని గుణదోషాలను విచారించడం సాహిత్య విద్యార్థికి పరిచితమైన పనే.

భూవినియోగ మార్పు నదీ ప్రవాహాలపై చూపే ప్రభావాన్ని లెక్కించే అధ్యయనాల్లో ఈ అనువాదం తప్పనిసరిగా జరుగుతుంది. ఉపగ్రహ చిత్రం నుంచి తీసిన భూవర్గాలను నమూనాలోని వర్గాలతో జతపరిచే పట్టిక ఒకటి ప్రతి అధ్యయనంలోనూ ఉంటుంది. ప్రచురిత వ్యాసాల్లో దానికి దక్కే స్థలం స్వల్పం. ఫలితాలపై చర్చ పుటల కొద్దీ సాగుతుంది. ఈ వ్యాసం ఆ పట్టిక మీదే దృష్టి పెడుతుంది.

2. హిమాయత్‌సాగర్ – నేపథ్యం:

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్ నగరాన్ని ధ్వంసం చేసింది. నిజాం ప్రభుత్వం మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సేవలను కోరింది. నగరానికి ఎగువన వరదను నిలువరించే జలాశయాలు నిర్మించాలన్నది ఆయన సూచనల్లో ముఖ్యమైనది. ఆ సూచన ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరద రక్షణతోపాటు నగరానికి తాగునీరు అందించే బాధ్యత కూడా వీటిదే అయింది.

విశ్వేశ్వరయ్య తన పరిశీలనలో నగరానికి ఎగువనున్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయనీ, ఆ వరదలో 221 తెగిపోయాయనీ నమోదు చేశారు. అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు. వర్షానికీ నదికీ మధ్య ఇన్ని చెరువులు ఉన్న ప్రాంతమని ఆనాటి ఇంజనీరు లెక్క స్పష్టం చేస్తున్నది. ఈ సంఖ్య తరువాతి చర్చకు అవసరం.

హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతం సుమారు 1,300 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం కఠినశిలలపై ఏర్పడిన ఎర్రనేల. వర్షం ప్రధానంగా నైరుతి రుతుపవనాల కాలంలోనిదే. గత శతాబ్దపు చివరి దశకాల నుంచి ఈ జలాశయానికి చేరే నీరు తగ్గుతూ వచ్చింది. రాజేష్ నూనె, బిజు జార్జ్, పార్ధసారథి తెలుగుంట్ల, ఆండ్రూ వెస్టర్న్ 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ తగ్గుదలను వర్షపాత ధోరణితో వివరించలేమని చూపింది. పరీవాహకంలోని మానవ కార్యకలాపాలతో, అంటే భూగర్భజల వినియోగంతో, నీటి సంరక్షణ కట్టడాలతో, భూవినియోగ మార్పుతో దానిని ముడిపెట్టింది. వాన తగ్గకుండా ప్రవాహం తగ్గిందంటే ఆ నీరు నేలమీదనో, నేలలోపలనో ఆగిందని అర్థం. ఎక్కడ ఆగింది, ఎవరివల్ల ఆగింది అన్న ప్రశ్నకు సమాధానం చెప్పడానికే నమూనాల అవసరం ఏర్పడింది.

3. నమూనా నేలను చదివే తీరు:

ఇటువంటి అధ్యయనాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్నది స్వాట్ నమూనా. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన వ్యవసాయ పరిశోధన సేవాసంస్థ దీనిని రూపొందించింది. ఇది పరీవాహక ప్రాంతాన్ని ఉపపరీవాహకాలుగా విభజిస్తుంది. ఒక్కొక్క ఉపపరీవాహకంలో భూవినియోగం, నేలరకం, వాలు అనే మూడూ ఒకే విధంగా ఉన్న భాగాలను ఒక ఘటకంగా కూర్చుతుంది. ప్రతి ఘటకానికీ రోజువారీ వర్షంలో ఎంత పారుతుంది, ఎంత ఇంకుతుంది, ఎంత ఆవిరవుతుంది అని లెక్కిస్తుంది. భూవినియోగ ప్రభావాన్ని తెలుసుకోవాలంటే పాత పటంతో ఒకసారి, కొత్త పటంతో మరొకసారి, వాతావరణాన్ని మార్చకుండా నమూనాను నడుపుతారు. రెండు ఫలితాల తేడాయే భూవినియోగ మార్పు ప్రభావంగా పరిగణన పొందుతుంది.

ఇందులో రెండు సుగుణాలు ఉన్నాయి. వాన ప్రభావాన్నీ నేల ప్రభావాన్నీ విడదీసి చూసే అవకాశాన్ని ఇది ఇస్తుంది. క్షేత్రంలో చేయలేని ప్రయోగాన్ని కాగితం మీద చేయనిస్తుంది. ఈ సుగుణాలను గుర్తించకుండా చేసే విమర్శ సమగ్రం కాదు.

అయితే స్వాట్‌లో భూవినియోగం నాలుగక్షరాల సంకేతాల రూపంలో ఉంటుంది. స్థానిక పటంలోని ప్రతి వర్గాన్నీ పరిశోధకుడు ఒక సంకేతానికి జతపరచాలి. ఆ సంకేతంతో పాటు పంట ఎదుగుదల, వేళ్ల లోతు, ఉపరితల ప్రవాహాన్ని నిర్ణయించే కర్వ్ నంబరు మొదలైన విలువలన్నీ వచ్చి చేరతాయి. కర్వ్ నంబరు పద్ధతిని అమెరికా నేలసంరక్షణ సేవాసంస్థ 1950ల్లో అక్కడి చిన్న వ్యవసాయ పరీవాహకాల అనుభవం ఆధారంగా రూపొందించింది. సంఖ్య పెరిగిన కొద్దీ పారే నీరు పెరుగుతుంది. పేరు మారితే సంఖ్య మారుతుంది, సంఖ్య మారితే నీరు మారుతుంది.

4. పడావు: ఒక పదం, రెండు లెక్కలు:

తెలంగాణలో కొన్నేళ్లుగా సాగుచేయకుండా వదిలిన భూమిని పడావు అంటారు. అలా వదిలిన నేల మీద గడ్డి మొలుస్తుంది, తుప్పలు పెరుగుతాయి, పశువులు మేస్తాయి. ఆంగ్లంలో దీనికి సమానార్థకంగా వాడే మాట 'ఫాలో'. మన భూవినియోగ పటాల్లోనూ ఈ మాట ఉంది. కర్వ్ నంబరు పట్టికలోనూ ఇదే మాట ఉంది. అందువల్ల పటంలోని ఫాలోను పట్టికలోని ఫాలోతో జతపరచడం సహజంగా కనిపిస్తుంది.

అమెరికా పట్టికలో 'ఫాలో' అంటే దున్ని, పైరు లేకుండా ఉంచిన ఖాళీ నేల. పచ్చదనం ఏమీ ఉండదు కాబట్టి వ్యవసాయ భూములన్నిటిలోకీ ఎక్కువ నీరు పారేది దాని మీదనే. నీటిని ఓ మోస్తరుగా ఇంకించుకునే 'బి' తరగతి నేలలో దీని కర్వ్ నంబరు 86. అదే నేలలో మధ్యస్థ స్థితిలోని మేతభూమికి ఆ పట్టిక ఇచ్చే సంఖ్య 69. మన పడావు స్వభావరీత్యా ఈ రెండోదానికే దగ్గర.

ఈ తేడా ఎంతటిదో ఒక లెక్కతో చూడవచ్చు. ఒక రోజు 80 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకుందాం. నేల తడి మధ్యస్థంగా ఉన్నదనీ, తొలి నష్టాన్ని మూలసూత్రంలో ఉన్నట్లు 0.2 వంతుగానే తీసుకున్నామనీ భావిద్దాం. కర్వ్ నంబరు 86 అయితే సుమారు 45 మిల్లీమీటర్ల నీరు పారుతుంది. 69 అయితే సుమారు 19 మిల్లీమీటర్లు మాత్రమే పారుతుంది. ఒక చదరపు కిలోమీటరుకు ఇది దాదాపు 26 వేల ఘనమీటర్ల తేడా. నేల అదే, వాన అదే, వాలు అదే. మారినది ఒక పదానికి చెప్పుకున్న అర్థం.

ఇక్కడ ఒక సమాధానం రావచ్చు. నమూనాను నడిపిన తరువాత లెక్కించిన ప్రవాహాన్ని కొలిచిన ప్రవాహంతో పోల్చి విలువలను సవరిస్తారు కదా, పొరపాటు ఆ క్రమాంకనంలో సర్దుకుంటుంది కదా అన్నది ఆ సమాధానం. మొత్తం ప్రవాహం మేరకు సర్దుకుంటుందన్నది నిజమే. నాష్–సట్‌క్లిఫ్ సూచిక సంతృప్తికరంగా వచ్చేవరకు విలువలను కదపడం సాధారణ పద్ధతి. కానీ పడావు మీద ఎక్కువైన నీటిని తగ్గించడానికి మరోచోట ఇంకుడునో, ఆవిరినో పెంచవలసి వస్తుంది. ఒకే ఫలితాన్ని ఇచ్చే విలువల సముదాయాలు అనేకం ఉండవచ్చునని జలశాస్త్రవేత్త కీత్ బెవెన్ చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. నది చివర లెక్క సరిపోయినంత మాత్రాన నేల మీద లెక్క సరిపోయినట్లు కాదు. భూవినియోగ అధ్యయనానికి కావలసింది నేల మీది లెక్కే. పడావు భూమిని ఇళ్ల స్థలాలుగా మార్చితే ప్రవాహం ఎంత పెరుగుతుందని అడిగితే, 86 నుంచి బయలుదేరిన నమూనా స్వల్పమైన మార్పునూ, 69 నుంచి బయలుదేరినది పెద్ద మార్పునూ చూపుతాయి. క్రమాంకనం ఈ తేడాను తొలగించదు.

5. శిఖం: రుతువును బట్టి మారే నేల:

చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తగ్గిన కొద్దీ బయటపడే నేలను శిఖం అంటారు. బయటపడిన మేరకు రైతులు ఆ తేమమీద పంట వేస్తారు. అక్టోబరు నాటి ఉపగ్రహ చిత్రంలో ఇది నీరు. ఫిబ్రవరి నాటి చిత్రంలో ఇది పంటపొలం. పటం తయారైన నెలను బట్టి దీని వర్గం మారుతుంది. రెండు వేర్వేరు సంవత్సరాల పటాలు వేర్వేరు నెలల చిత్రాల నుంచి తయారైతే, నేల మీద ఏ మార్పూ లేకుండానే 'జలవనరు పంటభూమిగా మారింది' అన్న నిర్ణయం వెలువడే ప్రమాదం ఉంది.

శిఖం అన్న మాటలో కాలం ఇమిడి ఉంది. ఏ నేలలో, ఏ రుతువులో, దేని ఆధారంగా సాగు జరుగుతుందో ఆ ఒక్క మాట చెబుతుంది. చెలక, తరి, ఖుష్కి వంటి పదాలూ ఇటువంటివే. చెలక అంటే వానపై ఆధారపడి సాగయ్యే తేలికపాటి ఎర్రనేల. తరి అంటే నీటి వసతి కలిగి వరి పండే భూమి. నేల స్వభావం, నీటి ఆధారం, సాగు అనే మూడు అంశాలు ఇక్కడ విడివిడిగా లేవు. నమూనాలో నేలరకానికి ఒక పటం, భూవినియోగానికి ఒక పటం ఉంటాయి. నీటి ఆధారానికి మాత్రం చాలా సందర్భాల్లో పటమే ఉండదు. మూడింటిని కలిపి చెప్పిన పదాన్ని రెండు పటాలుగా విడగొట్టినప్పుడు మూడోది జారిపోతుంది.

6. వర్గం మారకుండా మారిన నేల:

హిమాయత్‌సాగర్ విషయంలో అతి ముఖ్యమైన మార్పు ఈ జారిపోయిన అంశంలోనే జరిగింది. వానాధారంగా జొన్న, కంది పండిన చెలకలో బోరు వేసి కూరగాయలో, వరియో పండించడం మొదలైనప్పుడు పటంలో ఆ భూమి అంతకుముందూ పంటభూమే, ఆ తరువాతా పంటభూమే. హైదరాబాద్ మార్కెట్లకు చేరువలో ఉన్న చేవెళ్ల, షాబాద్, శంషాబాద్ ప్రాంతాల్లో ఇటువంటి మార్పుకు ప్రోత్సాహం ఎక్కువ. నీటి దృష్టితో చూస్తే మాత్రం ఇది రెండు భిన్నమైన నేలల మధ్య తేడా. వానకాలంలో ఇంకి, తరువాత ఊటగా ఒర్రెల్లోకి, వాగుల్లోకి రావలసిన నీరు బోరు ద్వారా పైకి వచ్చి పంట ద్వారా ఆవిరవుతుంది. భూగర్భ నీటిమట్టం దిగిపోయిన చోట వాగులో పారే నీరు కూడా అడుగుకు ఇంకుతుంది. నదికి చేరేది రెండు విధాలా తగ్గుతుంది.

జాతీయ దూరసంవేదన కేంద్రం 2004–05 నుంచి రూపొందిస్తున్న వార్షిక భూవినియోగ పటాల్లో ఖరీఫ్, రబీ, రెండు పంటల భూములను వేర్వేరుగా చూపడం ఈ లోపాన్ని కొంత సవరించింది. వేసవికి ముందు పచ్చగా ఉన్న భూమికి నీటి వసతి ఉన్నదని ఊహించడానికి ఇది వీలు కల్పిస్తుంది. కానీ ఆ రెండో పంట చెరువు తూము కింద పండిందా, బోరు కింద పండిందా అన్నది పటం చెప్పదు. చెరువు కింద పంట అంటే పైన నిలిచిన వరదనీటిని వాడుకోవడం. బోరు కింద పంట అంటే నేలలోని నిల్వను తోడుకోవడం. జలాశయానికి చేరే ప్రవాహంపై ఈ రెండింటి ప్రభావం కాలంలోనూ, పరిమాణంలోనూ ఒకటి కాదు.

నమూనా లోపలి నిర్మాణం కూడా ఇక్కడ అడ్డువస్తుంది. స్వాట్ మూలరూపంలో లోతైన జలస్తరంలోకి చేరిన నీరు ఆ పరీవాహకపు తరువాతి లెక్కల్లోంచి తొలగిపోయినట్టే. పగుళ్లున్న కఠినశిలల్లో వందల అడుగుల లోతు బోర్లు తోడేది అటువంటి నీటినే. కాబట్టి ఇటువంటి పరీవాహకాలకు భూగర్భజల భాగాన్ని సవరించకుండా నమూనాను అన్వయించడం సముచితం కాదు.

7. గొలుసుకట్టు ఒకే కుంట కావడం:

విశ్వేశ్వరయ్య 788 చెరువులను లెక్కించారు. స్వాట్ ఒక ఉపపరీవాహకంలోని చిన్న చెరువులన్నిటినీ కలిపి ఒకే కుంటగా పరిగణిస్తుంది. వాటి సామర్థ్యాలను కూడి ఒక పెద్ద పాత్రను ఊహిస్తుంది. గణన సౌలభ్యానికి ఇది అవసరమే కావచ్చు. అయితే ఈ కూడికలో చెరువుల వరుస పోతుంది.

తెలంగాణలో చెరువు నిండి పొర్లడాన్ని మత్తడి దుంకడం అంటారు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది, అది దుంకితే మరొకదానికి, చివరకు వాగుకు. ఒక్కొక్క చెరువు ఒక్కొక్క గడప. కింది గ్రామంలో మాత్రమే వాన కురిసినప్పుడు నీటిని ఆపగలిగేది కింది చెరువులోని ఖాళీ మాత్రమే. పై చెరువుల్లో ఎంత ఖాళీ ఉన్నా ఆ వానకు అవి అడ్డురావు. అన్నిటినీ కలిపిన ఒకే కుంట మాత్రం పై చెరువుల ఖాళీని కూడా ఈ వానకు అడ్డుగా నిలుపుతుంది. ఫలితంగా జలాశయానికి నిజంగా చేరిన నీటికన్నా తక్కువ నీరు లెక్కలో చేరుతుంది.

గడప అన్న భావన మరొక సందేహాన్ని కూడా తీరుస్తుంది. ప్రవాహం ఇంతగా తగ్గిన జలాశయానికే 2020 అక్టోబరులో గేట్లు ఎత్తి మూసీలోకి నీరు వదలవలసి వచ్చింది. ఇది పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. చెక్‌డ్యాములు, ఊటకుంటలు, చెరువులు, ఎండిన బావులు సాధారణ సంవత్సరపు వానను మింగగలవు. అవి నిండిన తరువాత కురిసే వాన మీద వాటి అదుపు లేదు. సాధారణ సంవత్సరాల్లో జలాశయం ఖాళీగా ఉండటమూ, అసాధారణ వర్షంలో ఒక్కసారిగా వరద రావడమూ ఒకే పరీవాహకపు రెండు లక్షణాలు. సగటు వార్షిక ప్రవాహం ఒక్కదానినే ఫలితంగా చూపే అధ్యయనం వీటిలో ఒక లక్షణాన్ని పాఠకుడికి అందకుండా చేస్తుంది. వరద రక్షణ కోసం పుట్టిన జలాశయం విషయంలో ఇది చిన్న లోపం కాదు.

8. కారణనిర్ణయం – విధానపరమైన పర్యవసానం:

పైన చెప్పిన లోపాలన్నీ చివరకు కారణనిర్ణయంలో కలుస్తాయి. కొలిచిన మొత్తం తగ్గుదలలోంచి భూవినియోగ పటాల తేడా వివరించిన భాగాన్ని తీసివేసి, మిగిలినదాన్ని వాతావరణానికి ఆపాదించే పద్ధతి ఒకటి ఉంది. బోరు ప్రభావం పటంలో లేదు కాబట్టి ఈ పద్ధతిలో అది మిగిలిన భాగంలోకి వెళుతుంది. నేలలోంచి తోడిన నీటి బాధ్యత మబ్బు మీద పడుతుంది.

ఇంతకన్నా సున్నితమైన విషయం నగరీకరణ. నమూనా భాషలో కట్టడాలు నిండిన భూమికి కర్వ్ నంబరు ఎక్కువ. కాబట్టి పరీవాహకంలో కాంక్రీటు పెరిగితే జలాశయానికి చేరే నీరు పెరుగుతుందన్నది నమూనా ఇచ్చే సహజమైన జవాబు. ఆ నీటిలో కలిసే మురుగు ఈ జవాబులో లేదు. కబ్జాకు గురై పూడిన నాలా ఈ జవాబులో లేదు. నాలా తెగిన చోట పారిన నీరు జలాశయానికి చేరకుండా కాలనీలను ముంచుతుంది. పరిమాణం గురించి చెప్పిన వాక్యాన్ని జలాశయ క్షేమం గురించి చెప్పిన వాక్యంగా చదివితే కలిగే అనర్థం తీవ్రమైనది.

ఈ జలాశయాల చరిత్రలో ఈ ప్రశ్నకు చట్టపరమైన బరువు కూడా ఉంది. 1996 మార్చి 8 నాటి 111వ ప్రభుత్వ ఉత్తర్వు పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఈ జలాశయాల సమీపంలో ఒక పరిశ్రమ స్థాపన వివాదమై సుప్రీంకోర్టుకు చేరింది. 1999లో న్యాయమూర్తి ఎం. జగన్నాథరావు వెలువరించిన తీర్పు శాస్త్రీయ అనిశ్చితిని చర్చించి, అటువంటి సందర్భాల్లో ముందుజాగ్రత్త సూత్రాన్ని పాటించాలనీ, హాని లేదని నిరూపించే భారం మార్పు తలపెట్టినవారిదేననీ స్పష్టం చేసింది. 2022 ఏప్రిల్‌లో వెలువడిన 69వ ఉత్తర్వు 111లోని ఆంక్షలను తొలగించింది. నగర నీటి సరఫరాలో ఈ జలాశయాల వాటా అతి స్వల్పమన్నది అందులో పేర్కొన్న కారణాల్లో ఒకటి.

రెండు ఉత్తర్వులకూ ఆధారమైన భౌగోళిక భావన జలాశయం చుట్టూ గీసిన 10 కిలోమీటర్ల హద్దు. పరీవాహకం ఆ హద్దుకు లోబడదు. పశ్చిమాన దానిని దాటి చాలా దూరం సాగుతుంది. హద్దు లోపల కట్టడాలను ఆపినా, హద్దు వెలుపల బోర్ల సాంద్రత ప్రవాహాన్ని తగ్గించగలదు. హద్దు లోపల ఆంక్షలు ఎత్తివేస్తే నాణ్యత, నాలాలు దెబ్బతింటాయి. ఈ రెండు సమస్యలు వేర్వేరు. వీటిని విడదీసి చూపవలసిన నమూనా తన వర్గాల పేలవత్వం వల్ల కలిపివేస్తే, వాదించేవారు ఇరుపక్షాలా దానిని తమకు అనుకూలంగా ఉదాహరించగలుగుతారు. శాస్త్రీయ అనిశ్చితిని ఎవరి మీద వేయాలో న్యాయస్థానం చెప్పింది. ఆ అనిశ్చితి ఏ పదంలో దాగి ఉందో చెప్పవలసిన బాధ్యత పరిశోధకులది.

9. 'నష్టం' – ఎవరి దృష్టికోణం?

ప్రవాహ నమూనాల భాషలో మరొక పదాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నదికి చేరకుండా ఎగువన ఆగిన నీటిని అవి నష్టం, క్షీణత అన్న మాటలతో పేర్కొంటాయి. హనుమంతరావు కమిటీ 1994లో చేసిన సిఫారసుల వెలుగులో రూపొందిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు, 2000లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నీరు–మీరు కార్యక్రమం ఇదే నీటిని సంరక్షణ, నిల్వ అన్నాయి. వాన నీటిని పొలంలోనే ఆపిన రైతు ప్రభుత్వ కార్యక్రమ నివేదికలో ఆదర్శప్రాయుడు. జలాశయ నివేదికలో అదే రైతు ప్రవాహ క్షీణతకు కారకుడు.

నీటి చుక్క ఒకటే, కథనాలు రెండు. జలాశయం అంచున నిలబడి రాసిన పాఠానికి ఎగువ గ్రామం ఆటంకంగా కనిపిస్తుంది. 'జలాశయంలోకి ప్రవాహం' అన్న పరిశోధనాంశమే ఈ దృష్టికోణాన్ని ముందుగా నిర్ణయిస్తుంది. కథనశాస్త్రం చదివిన వారికి ఇది కొత్త విషయం కాదు. దృష్టికోణం ఉండటం దోషం కాదు, అది ఉన్నదని పాఠం ఒప్పుకోకపోవడమే దోషం. ఎగువన ఆగిన నీరు ఏ పంటకు, ఏ బావికి ఉపయోగపడిందో కూడా అదే పట్టికలో చూపే అధ్యయనం ఈ దోషం నుంచి బయటపడగలదు.

10. చేయదగిన పనులు:

ఈ పరిశీలన నుంచి మూడు సూచనలు చేయవచ్చు.

మొదటిది, స్థానిక భూవర్గాలను నమూనా సంకేతాలతో జతపరిచిన పట్టికను ప్రతి అధ్యయనమూ పూర్తిగా, కారణాలతో ప్రచురించాలి. సందిగ్ధమైన వర్గాలకు రెండు విలువలతోనూ నమూనాను నడిపి ఫలితంలో వచ్చే తేడాను చూపాలి. పడావు విషయంలో పైన చేసిన లెక్క ఈ పనికి ఒక నమూనా.

రెండోది, నీటి ఆధారాన్ని ప్రత్యేక అంశంగా చేర్చాలి. ఇందుకు సమాచారం లేకపోలేదు. గ్రామ రెవెన్యూ పహాణీలో సర్వే నంబరు వారీగా పంటతోపాటు జలాధారాన్ని నమోదు చేసే సంప్రదాయం ఉండేది. చిన్ననీటి వనరుల గణన బావులను, బోర్లను లెక్కిస్తుంది. పహాణీ నమోదులన్నీ ఏటా పొలంలో సరిచూసినవేనా అన్న ప్రశ్న సహేతుకమైనదే. ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చి వాడితే ఈ రెండు ఆధారాలూ పరస్పరం సవరించుకుంటాయి.

మూడోది తెలుగు శాఖలకు సంబంధించినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వెలువడింది. అది వ్యవసాయ పదాలకు కేటాయించిన సంపుటం కావడం గమనార్హం. ఆనాటి సేకరణ లక్ష్యం భాషాశాస్త్రపరమైనది. ఇప్పుడు నేల, నీటి పదాలను వాటి అర్థంతోపాటు ఋతువు, నీటి ఆధారం, నేల స్వభావం, నీరు పారే తీరు అన్న వివరాలతో మండలాల వారీగా సేకరించవలసి ఉంది. బోరు రాకతో, ఇళ్ల స్థలాల రాకతో ఈ పదాలు వాడుకలోంచి తొలగుతున్న ప్రాంతాల్లో ఈ పని అత్యవసరం. పదాన్ని వాడిన తరం ఉండగానే అడిగి తెలుసుకోవాలి. జలశాస్త్ర విభాగాలతో కలిసి చేసే ఇటువంటి పరిశోధన పిహెచ్.డి. స్థాయిలో చేపట్టదగినది.

11. ముగింపు:

హిమాయత్‌సాగర్‌కు చేరే నీరు ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు గణిత నమూనా అవసరమైన సాధనం. ఆ సాధనం తన లెక్కను ప్రారంభించే ముందే నేలకు ఒక పేరు పెడుతుంది. పడావును ఖాళీ నేలగా, శిఖాన్ని ఒక నెల చిత్రంలో కనిపించిన రూపంగా, బోరు కింది చెలకను వానాధార చెలకతో సమానంగా, గొలుసుకట్టును ఒకే కుంటగా చదివిన నమూనా ఎంత కచ్చితంగా లెక్కించినా ఇచ్చే సమాధానం మరొక పరీవాహకానికి చెందినదవుతుంది. దాని ఆధారంగా ఎగువ రైతు మీదనో, వాతావరణం మీదనో, నగరం మీదనో బాధ్యత మోపే నిర్ణయాలు జరుగుతున్నప్పుడు ఆ పేర్లను ప్రశ్నించడం భాషాపరిశోధకుల పరిధిలోనిదే. సమీకరణాన్ని సవరించడం జలశాస్త్రవేత్తల పని. ఆ సమీకరణంలోకి వెళ్లే మాటకు మన నేల మీద అర్థమేమిటో చెప్పడం తెలుగు పరిశోధకుల పని.